పుర్రె లోపలి దెబ్బ: ముష్టియుద్ధమునుండి ఫుట్‌బాలు వరకు ఒక వ్యాధి చరిత్ర

తలకు దెబ్బ తగిలినవాని చుట్టు మూగినవారు మొదట రెండు ప్రశ్నలు వేయుదురు. రక్తము వచ్చినదా? స్పృహ తప్పినదా? రెండును లేవని తెలిసినచో, మొగమున నీళ్లు చల్లి, "ఏమీ కాలేదు, లెమ్ము" అందురు. ఆటస్థలములలో ఈ తీర్పు మరింత త్వరగా వెలువడును. పడినవాడు లేచి నిలిచినచో ఆట తిరిగి సాగును. ఈ తీర్పు సరికాదని వైద్యులు గ్రహించుటకు చాలకాలము పట్టెను. అంతకంటె వింత యేమనగా, ఒక ఆట విషయములో గ్రహించిన సంగతిని మరియొక ఆటకు అన్వయించుటకు ఇంచుమించు 75 సంవత్సరములు పట్టెను. ఆ ఆలస్యమునకు కారణము పరికరముల కొరత మాత్రమే కాదు. వ్యాధికి పెట్టిన పేరు కూడ ఒక కారణము.

గిన్నెలోని జున్ను

పెద్దవారి మెదడు సుమారు 1.3 నుండి 1.4 కిలోగ్రాముల బరువుండును. అది జున్నువలె మెత్తనిది. గట్టి పుర్రెలో, సుమారు 150 మిల్లీలీటర్ల ద్రవము నడుమ అది అమరియున్నది. వేగముగా కదలుచున్న తల హఠాత్తుగా ఆగినపుడు గాని, చటుక్కున ఒక ప్రక్కకు తిరిగినపుడు గాని, ఎముకతోపాటు మెదడంతయు ఒక్కసారిగా ఆగదు, తిరుగదు. జున్ను నిండిన గిన్నెను చటుక్కున తిప్పి చూచినచో ఈ సంగతి బోధపడును. గిన్నెకు ఏమియు కాదు. లోని జున్ను మాత్రము పొరలు పొరలుగా జారి చీలును. మెదడులో అట్లు సాగునవి నాడీకణముల సన్నని తంతువులు. వాని పని తాత్కాలికముగా చెడుటనే కంకషన్, అనగా మెదడు కుదుపు అందురు. కంకషన్ అను మాటకు మూలమైన లాటిను పదమునకు గట్టిగా కుదుపుట అనియే అర్థము.

పుర్రె పగులకుండగనే మెదడు పని చెడవచ్చునని సుమారు వేయి సంవత్సరములకు పూర్వమే పారశీక వైద్యుడు అల్ రాజీ గుర్తించెను. కాని అది ఎట్లు జరుగునో రెండవ ప్రపంచయుద్ధకాలము వరకు స్పష్టపడలేదు. 1941లో డెన్నీ బ్రౌన్, రిచీ రసెల్ అను శాస్త్రజ్ఞులు జంతువులపై ప్రయోగములు చేసి, తల కదలకుండ బిగించినపుడు కంకషన్ కలిగించుట కష్టమనియు, తల స్వేచ్ఛగా కదలునపుడు అది సులభముగా కలుగుననియు చూపిరి. 1943లో ఆక్స్‌ఫర్డులోని భౌతికశాస్త్రజ్ఞుడు హోల్బోర్న్ జెలటిన్‌తో మెదడు నమూనాలు చేసి పరిశీలించెను. మెదడు నొక్కుడును బాగుగా ఓర్చుకొనును. ప్రక్కకు జారుటను, మెలితిరుగుటను ఓర్చుకొనజాలదు. కాబట్టి తలను గిర్రున త్రిప్పు దెబ్బయే ఎక్కువ ప్రమాదకరమని అతడు తేల్చెను. 1956లో సబీనా స్ట్రిచ్ తీవ్రమైన తలదెబ్బల తరువాత మతిచెడి మరణించినవారి మెదళ్లను సూక్ష్మదర్శినితో పరిశీలించి, లోపలి తెల్లని భాగమునందు నాడీతంతువులు విస్తారముగా క్షీణించినట్లు కనుగొనెను.

గోదాలోని వింత నడక

ఈ పరిశోధనలకన్న ముందే ఆట ప్రపంచమునుండి ఒక హెచ్చరిక వచ్చియుండెను. 1928లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమునందు శవపరీక్షలు నిర్వహించు వైద్యాధికారి హారిసన్ మార్ట్‌లండ్ ఒక వ్యాసము ప్రకటించెను. గడియారముల ముఖములకు రేడియము పూసిన యువతుల వ్యాధిని పరిశోధించి పేరొందిన వైద్యుడు ఇతడే. బాక్సింగు ప్రేక్షకులు కొందరు మల్లులను చూచి "పంచ్ డ్రంక్" అని ఎగతాళి చేయుచుండిరి. దెబ్బలు తిని మత్తెక్కినవాడని దాని భావము. త్రాగకున్నను వారు త్రాగినవారివలె తూలుచుండిరి. మాట ముద్దగా వచ్చుచుండెను. చేతులు వణకుచుండెను. మనస్సు మందగించుచుండెను. ఇది ఎగతాళి చేయదగిన సంగతి కాదు, మెదడు వ్యాధి యని మార్ట్‌లండ్ వ్రాసెను.

అతని పరిశీలనలో ఒక ముఖ్యాంశము కలదు. ఈ స్థితి నేర్పరులైన విజేతలకంటె, ఒడుపుగా తప్పుకొనజాలక దెబ్బలు తినువారిలోను, పెద్ద యోధుల అభ్యాసమునకై కూలికి నిలుచు చిన్న మల్లులలోను ఎక్కువగా కనిపించెను. ఈ రెండవ తరగతివారు ఒక్క దినముననే పలుమార్లు నేలకూలుచుండిరి. వారి పేర్లు పత్రికలలో వచ్చునవి కావు. 1867 నాటి క్వీన్స్‌బెరీ నియమములు చేతులకు తొడుగులను విధించినను, అవి పిడికిలి ఎముకలను కాపాడినంతగా ఎదుటివాని మెదడును కాపాడలేదు. చేయి నొప్పి పుట్టనందున తలపై మరింత గట్టిగా కొట్టుటకు వీలయ్యెను.

1937లో ఈ వ్యాధికి "డిమెన్షియా ప్యూజిలిస్టికా" అను పేరు వచ్చెను. ముష్టియోధుల మతిక్షీణత అని దాని అర్థము. 1940ల దశకమున "క్రానిక్ ట్రామాటిక్ ఎన్సెఫలోపతీ" అను మరియొక పేరు వాడుకకు వచ్చెను. అనగా దెబ్బలవలన కలిగి చిరకాలము సాగు మెదడు వ్యాధి. నేడు దీనిని సంక్షేపముగా సి.టి.ఇ. అందురు.

తరువాతి ప్రశ్న, ఎందరికి? 1969లో బ్రిటనులో రాబర్ట్స్ అను వైద్యుడు దీనికి క్రమపద్ధతిలో సమాధానము వెదకెను. 1929 నుండి 1955 వరకు వృత్తి బాక్సర్లుగా నమోదైనవారు 16,781 మంది. ఆ జాబితానుండి యాదృచ్ఛికముగా ఎన్నుకొని 224 మందిని అతడు పరీక్షించెను. 37 మందిలో, అనగా నూటికి సుమారు 17 మందిలో, మెదడు చెడిన చిహ్నములు కనిపించెను. ఎక్కువకాలము, ఎక్కువ పోటీలలో పాల్గొన్నవారికే ఎక్కువ హాని కలిగెను. 1973లో కోర్సెలిస్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును 15 మంది మాజీ బాక్సర్ల మెదళ్లను పరిశీలించి, అందు ప్రత్యేకమైన మార్పులను వర్ణించిరి.

పేరు గీసిన గిరి

ఇంత తెలిసినను, ఇది బాక్సర్ల వ్యాధి యని పేరే చెప్పుచుండెను. కాబట్టి ఇతర క్రీడలలో దానిని వెదకినవారు అరుదు. తలకు దెబ్బలు తగులునది ముష్టియుద్ధములో మాత్రమేనా? అమెరికనులు ఫుట్‌బాలు అని పిలుచు ఆట మన పాఠశాలలలో ఆడునది కాదు. అందులో అండాకారపు బంతిని చేతబట్టి పరుగెత్తువానిని ఎదుటివారు మీదపడి పడగొట్టుదురు. 1905 ఆటల కాలమున హార్వర్డు విశ్వవిద్యాలయపు జట్టును చూచిన వైద్యులు, కంకషన్ జరుగని పోటీలు రెండు మాత్రమే యనియు, ఆటగాళ్లు దానిని నవ్వులాటగా భావించుచున్నారనియు 1906లో వ్రాసిరి. ఆ మాట మరుగున పడెను.

ఆటలోని మరణములను తగ్గించుటకు శిరస్త్రాణములు వచ్చెను. 1943లో అమెరికా జాతీయ ఫుట్‌బాల్ లీగు వానిని తప్పనిసరి చేసెను. ఐతే గట్టి శిరస్త్రాణము ధైర్యమును పెంచెను. ఆటగాళ్లు తలనే ఆయుధముగా చేసికొని ఢీకొనసాగిరి. 1968లో ఆ ఆటలో తగిలిన దెబ్బలవలన 36 మంది మరణించిరి. మెరుగైన శిరస్త్రాణ ప్రమాణములును, తలతో ముందుగా గ్రుద్దరాదని 1976లో వచ్చిన నియమమును మరణములను తగ్గించినవి. కాని శిరస్త్రాణము పుర్రె పగులకుండ కాపాడునే గాని, లోని మెదడు కదలకుండ ఆపలేదు. గిన్నెకు గుడ్డ చుట్టినంత మాత్రమున జున్ను కదలక మానదు.

2002 సెప్టెంబరులో పిట్స్‌బర్గు జట్టు ప్రసిద్ధ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ తన 50వ యేట మరణించెను. వృత్తి ఆటగాడుగా అతడు 17 సంవత్సరములు ఆడెను. చివరి యేండ్లలో జ్ఞాపకశక్తి చెడి, దిక్కుతోచక తిరిగెను. నైజీరియాలో జన్మించిన వైద్యుడు బెన్నెట్ ఒమాలు శవపరీక్ష చేసెను. కంటికి ఆ మెదడు మామూలుగానే కనిపించెను. ఐనను అతడు దానిని భద్రపరచి, పలుచని ముక్కలుగా కోయించి, రంగులు వేయించి సూక్ష్మదర్శిని క్రింద చూచెను. బాక్సర్ల వ్యాధి అందు కనిపించెను. 2005లో ఈ సంగతి ప్రకటితమైనపుడు లీగు వైద్యసంఘమువారు ఆ వ్యాసమును ఉపసంహరింపవలెనని కోరిరి. పత్రిక అంగీకరింపలేదు. 2016 మార్చిలో లీగు ఉన్నతాధికారి ఒకరు అమెరికా కాంగ్రెసు సభ్యుల ఎదుట ఆ ఆటకును సి.టి.ఇ. వంటి వ్యాధులకును సంబంధము కలదని ఒప్పుకొనెను.

అదే 2002లో ఇంగ్లండులో మరియొక మరణము విచారణకు వచ్చెను. జెఫ్ ఆసల్ అను ఫుట్‌బాల్ ఆటగాడు తలతో బంతిని గోలులోనికి కొట్టుటలో దిట్ట. 59వ యేట మతి క్షీణించి మరణించెను. బంతిని పలుమార్లు తలతో కొట్టుటవలన కలిగిన వృత్తిసంబంధమైన వ్యాధియే మరణకారణమని విచారణాధికారి తీర్పు చెప్పెను. 2014లో అతని మెదడును తిరిగి పరిశీలించినపుడు సి.టి.ఇ. ఉన్నట్లు తేలెను.

సూక్ష్మదర్శిని చూపినది

నాడీతంతువు లోపల పదార్థములను చేరవేయు సూక్ష్మనాళికలుండును. వానిని నిలబెట్టుటకు తోడ్పడు ప్రోటీను పేరు టౌ. తంతువు సాగి దెబ్బతినినపుడు టౌ ఊడి, రూపము మారి, చిక్కులుపడి కణములలో పేరుకొనును. అల్జీమర్ వ్యాధిలో కూడ టౌ చిక్కులు కలవు. కాని సి.టి.ఇ.లో అవి మెదడు మడతల అడుగున, చిన్న రక్తనాళముల చుట్టును మొదట కనిపించును. దెబ్బవలన కలుగు సాగుడు ఎక్కువగా పడునది ఆ మడతల అడుగుననే యని లెక్కలు చూపుచున్నవి.

2017లో బోస్టను శాస్త్రజ్ఞులు తాము పరిశీలించిన 111 మంది జాతీయ లీగు ఆటగాళ్ల మెదళ్లలో 110 మెదళ్లయందు సి.టి.ఇ. కనుగొంటిమని ప్రకటించిరి. ఈ అంకెను జాగ్రత్తగా చదువవలెను. ఆటగాళ్లందరిలో నూటికి 99 మందికి ఈ వ్యాధి కలదని దీని అర్థము కాదు. బ్రతికియుండగా లక్షణములు కనబడినవారి కుటుంబములే ఎక్కువగా మెదళ్లను దానము చేసియుండవచ్చును. రాబర్ట్స్ వలె జాబితానుండి యాదృచ్ఛికముగా ఎన్నుకొనుటకును, వచ్చినవానినే పరీక్షించుటకును గల భేదము విద్యార్థులు గుర్తుంచుకొనదగినది.

ఈ లోపము లేని పరిశీలన 2019లో స్కాట్లండునుండి వచ్చెను. 7,676 మంది మాజీ వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్లను, అదే వయస్సుగల 23,028 మంది సామాన్యులతో పోల్చిరి. ఆటగాళ్లు గుండెజబ్బులతోను, ఊపిరితిత్తుల క్యాన్సరుతోను మరణించుట తక్కువ. మెదడు క్షీణించు వ్యాధులతో మరణించుట సుమారు మూడున్నర రెట్లు ఎక్కువ. తరువాతి పరిశీలనలో ఈ ప్రమాదము రక్షణ ఆటగాళ్లలో హెచ్చుగాను, బంతిని తలతో కొట్టనక్కరలేని గోలుకీపర్లలో తక్కువగాను కనిపించెను. కాబట్టి ఆట శరీరమునకు మేలు చేయుననుట నిజమే, తలకు తగులు పదేపదే దెబ్బ కీడు చేయవచ్చుననుటయు నిజమే.

2023లో 631 మంది అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల మెదళ్లను పరిశీలించినవారు, గుర్తింపబడిన కంకషన్ల సంఖ్యకంటె, జీవితకాలమున తలపై పడిన తాకిడుల మొత్తమే వ్యాధితో ఎక్కువ సంబంధము కలిగియున్నట్లు చూపిరి. స్పృహ తప్పించని చిన్న దెబ్బలు సహితము కూడుచుండునన్నమాట. 1928లో పేరులేని మల్లులను చూచి మార్ట్‌లండ్ గ్రహించినది ఇదియే.

మారిన నియమములు

2009లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రము, కంకషన్ అనుమానము కలిగిన బాలుని వెంటనే ఆటనుండి తప్పింపవలెననియు, వైద్యుని వంటి అర్హుని అనుమతి లేక తిరిగి ఆడింపరాదనియు శాసనము చేసెను. 2015లో అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 10 సంవత్సరములు, అంతకు తక్కువ వయస్సుగల పిల్లలు బంతిని తలతో కొట్టుటను నిషేధించెను. 2020లో స్కాట్లండు 12 యేండ్లలోపు పిల్లల శిక్షణలో అట్టి నిషేధమును విధించెను. క్రికెట్టులో 2019 ఆగస్టునుండి కంకషన్ కలిగిన ఆటగానికి బదులు మరియొకనిని ఆడించుటకు అనుమతి వచ్చెను. 2020 డిసెంబరులో కాన్‌బెర్రాలో రవీంద్ర జడేజా శిరస్త్రాణమునకు బంతి తగులగా, యజువేంద్ర చహల్ అతని స్థానమున బౌలింగు చేసెను.

మన పాఠశాలలలో కబడ్డీ పట్టులో తల నేలకు గాని, ఒకరి మోకాలికి గాని తగులవచ్చును. ఫుట్‌బాలులో రెండు తలలు ఢీకొనవచ్చును. అప్పుడు ఉపాధ్యాయుడు చూడవలసినది రక్తమును మాత్రమే కాదు. తలనొప్పి, వికారము, చూపు మసకబారుట, తూలుట, అడిగినదే మరల మరల అడుగుట, ఆట సంగతి మరచుట, వీనిలో ఏ యొక్కటి కనిపించినను ఆ దినము తిరిగి ఆడింపరాదు. తలనొప్పి హెచ్చుచున్నను, మరల మరల వాంతులైనను, మగత కమ్మినను, మూర్ఛ వచ్చినను వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. ఒకటి రెండు దినములు విశ్రాంతిగా నుండి, క్రమముగా తేలికపాటి పనులకును, చదువునకును, తుదకు ఆటకును మరలుట నేటి వైద్యుల సలహా. పిల్లలలో ఎక్కువమంది నాలుగు వారములలోపల కోలుకొందురు. ఒక్క కంకషన్ తగిలినంతనే సి.టి.ఇ. వచ్చునని భయపడనక్కరలేదు. మొదటి దెబ్బ మానకముందే రెండవది తగులకుండ చూచుటయు, అనవసరమైన తాకిడులను తగ్గించుటయు ముఖ్యము.

సి.టి.ఇ.ని నిశ్చయముగా గుర్తించుట నేటికిని మరణానంతరము మెదడును పరీక్షించిననే గాని సాధ్యము కాదు. బ్రతికియుండగనే గుర్తించు రక్తపరీక్షలకొరకును, చిత్రణ పద్ధతులకొరకును పరిశోధనలు సాగుచున్నవి. అవి ఫలించువరకు బాలుర మెదడును కాపాడు భారము ఆటస్థలమున నిలిచి చూచువారిదే. "నేను బాగున్నాను, ఆడెదను" అని బాలుడు పట్టుపట్టినను, ఆనాటికి అతనిని గీత వెలుపల కూర్చుండబెట్టుట వారి విధి.