మంచుకింది సాక్ష్యం

ఊళ్ళో ఏదైనా జాడ్యం వస్తే మనం ముందు అడిగేది మందేమిటని కాదు, "ఎవరింటినుంచి వచ్చిందమ్మా?" అని! 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు లోకమంతా అదే అడిగింది. దొరికిపోయింది స్పెయిన్. యుద్ధంలో ఉన్న దేశాలు జబ్బు సంగతి పత్రికల్లో రానివ్వలేదు. స్పెయిన్‌కి యుద్ధం లేదు గనక అక్కడి పత్రికలు ఉన్నదున్నట్టు రాశాయి. ఆ పాపానికి జ్వరానికి వాళ్ళ పేరే అంటగట్టారు, స్పానిష్ ఫ్లూ అని! ఒక్క మన దేశంలోనే కోటిమందికి పైగా పోయారు.

అప్పట్లో ఆ వైరస్‌ని చూసినవారు లేరు. ఏదో బాక్టీరియా పని అనుకున్నారు. మనుషుల ఫ్లూ వైరస్ 1933లో గాని చేతికి చిక్కలేదు. మరి 1918 నాటి వైరస్‌కి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది, చెప్పండి?

అలాస్కాలో బ్రెవిగ్ మిషన్ అని సముద్రపుటొడ్డున చిన్న పల్లె ఉంది. 1918 నవంబరులో, అయిదే రోజుల్లో, సుమారు 80 మంది పెద్దవాళ్ళలో 72 మంది కన్నుమూశారు. అందరినీ ఒకే గోతిలో పూడ్చారు. అక్కడి నేల లోపల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. 1951లో యోహాన్ హుల్టిన్ అనే స్వీడన్ విద్యార్థి ఊరి పెద్దల అనుమతితో తవ్వి, ఊపిరితిత్తుల ముక్కలు తీసుకెళ్ళాడు. వైరస్‌ని కోడిగుడ్లలో పెంచబోయాడు. పెరగలేదు.

46 ఏళ్ళు గడిచాయి. సైన్యంవారు దాచిన పాత కండముక్కలనుంచి ఆ వైరస్ జన్యువుల తునకలు తీశారని 1997లో చదివి, హుల్టిన్ ఆ శాస్త్రజ్ఞుడు జెఫరీ టాబెన్‌బెర్గర్‌కి ఉత్తరం రాశాడు. 72 ఏళ్ళ వయసులో ఒక్కడే మళ్ళీ ఆ పల్లెకి బయల్దేరాడు. పట్టుకెళ్ళిన పరికరం ఏమిటంటారా? భార్య తోటలో మొక్కలు కత్తిరించుకునే కత్తెర!

మళ్ళీ ఊరివాళ్ళని అడిగే తవ్వాడు. గోతిలో ఒక లావుపాటి స్త్రీ కనిపించింది. ఒంటి కొవ్వే ఆమె ఊపిరితిత్తులు కుళ్ళిపోకుండా కాపాడింది. హుల్టిన్ ఆమెను లూసీ అన్నాడు. కన్నవాళ్ళు పెట్టిన పేరు మరేదో ఉండే ఉంటుంది. గోతిని పూడ్చి, పాత శిలువలు పాడైపోతే కొత్తవి తానే చేసి నిలబెట్టి వచ్చాడాయన.

2005 నాటికి వైరస్ జన్యుక్రమం పూర్తిగా తెలిసిందంటే అందులో ఆమె పాలు చాలా ఉంది. పక్షుల ఫ్లూతో దానికి దగ్గర పోలికలున్నాయట. కాని మనుషులకు మొదట ఎక్కడ సోకింది? అమెరికాలో కాన్సాస్ పల్లెల్లోనని కొందరు, ఫ్రాన్సులోని సైనిక శిబిరమని కొందరు, చైనా అని ఇంకొందరు. నూరేళ్ళు దాటినా ఆ సంగతి తేలలేదు. స్పెయిన్‌లో పుట్టిందని మాత్రం ఇప్పుడు పరిశోధకులు అనరు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.