ధర్మపురి తెలుగు ఇళ్లలో పేరు తెలియని ముఖాలు

మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు లిన్నేయస్ ట్రైప్ నాటి సేలం జిల్లాలోని రాయకోట మొదలైన చోట్ల తీసిన చిత్రాల సంపుటం 1858లో వెలువడింది గనుక, నేటి తమిళనాడులోని ధర్మపురి ప్రాంతానికి కెమెరా తొలినాళ్లలోనే చేరిందని చెప్పవచ్చు. ఆ సంపుటంలో కోటలకు, కొండలకు పేర్లు దక్కాయి గాని, ఇక్కడి తెలుగువారిలో తరువాతి తరాలవారు స్టూడియోల్లో తీయించుకున్న కుటుంబ చిత్రాలు చాలావరకు పేర్లు లేకుండానే మిగిలాయి.

వాటిలోని మనుషులను గుర్తించడానికి మొదటి ఆధారం మౌంటు, అనగా ఫొటోను అంటించిన దళసరి అట్ట. దానిపై చిరునామాలో ధర్మపురి సేలం జిల్లాలో ఉన్నట్లుంటే అది 1965 అక్టోబరు 2న ప్రత్యేక జిల్లా ఏర్పడక ముందు అచ్చయినదని, మద్రాసు రాష్ట్రమని ఉంటే 1969 జనవరికి ముందుదని, ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తరువాతిదని భావించవచ్చు. అయితే మిగిలిన పాత అట్టలను కొంతకాలం వాడుకునే అవకాశం ఉన్నందున ఈ లెక్కను దుస్తులతో, నగలతో, పిల్లల వయసుతో సరిచూడాలి.

రెండో ఆధారం వెనుక రాత. అక్కడ ‘మా మేనమామ, నడిపి అత్త’ అని మాత్రమే ఉంటే, రాసినవారెవరో తేలనిదే చిత్రంలో ఉన్నదెవరో తేలదు కాబట్టి, ఆ దస్తూరిని ఇంట్లోని ఉత్తరాలతో, దస్తావేజులపై సంతకాలతో పోల్చిచూడాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళమే నేర్చిన మనుమలకు ఆ తెలుగు రాత అందదు. అందుచేత పెద్దలుండగానే ప్రతి చిత్రం వెనుక మెత్తని పెన్సిలుతో పూర్తి పేరు, ఊరు, వరుస రెండు లిపుల్లోనూ రాయించడం ప్రతి కుటుంబం వెంటనే చేయవలసిన పని.