మన ముంగిట్లో పడిన వాన ఎటు పోవాలి? – ఒక వీధి చరిత్ర



పోస్టు కొంచెం పెద్దదే. అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు ఓపిగ్గా చదవండి. తప్పులుంటే పెద్దవాళ్లు దిద్దండి.

పోయిన వానాకాలం హాస్టల్ నుంచి ఊరికెళ్లాం. ఆ రాత్రి వాన గట్టిగా కొట్టింది. తెల్లారేసరికి మామ్మ ఇంట్లో చీలమండ దాకా నీళ్లు. బియ్యం బస్తా అడుగు తడిసిపోయింది. అమ్మ పళ్లెంతో నీళ్లు తోడుతోంది. గెడ్డ పొంగిందా అంటే లేదు, గెడ్డ దాని దారిన అది పోతోంది. నీళ్లు వచ్చింది వీధిలోంచి. కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు మామ్మ అరుగుకంటే ఎత్తుగా ఉంది. చిన్నప్పుడు మేం వీధిలోంచి రెండు మెట్లెక్కి అరుగు మీదికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు రోడ్డు మీంచి ఇంట్లోకి దిగాలి.

మామ్మ ఎవరినీ తిట్టలేదు. "వాన ఎప్పుడూ ఉన్నదేరా, ఈ రోడ్డే కొత్తగా వచ్చింది" అంది. ఆ మాట పట్టుకునే ఈ పోస్టు రాస్తున్నాం.

వెనకటి వీధి

మాది సవర ఊరు. మామ్మ చెప్పిన ప్రకారం వెనకట ఇళ్లన్నీ వరసగా, గోడకు గోడ ఆనుకుని ఉండేవి. రెండు వరసలు ఎదురుబొదురు, మధ్యలో వీధి. రాయి, మట్టి కలిపి ఎత్తుగా కట్టిన అరుగు, మీద ఎర్రమట్టి పూత. చూరు బాగా కిందికి దిగి ఉండేది. చూరు నీళ్లు పడే చోట చదునైన రాళ్లు పరిచేవారు. రాళ్ల మధ్య సందుల్లో గరిక మొలిచేది. వీధి మొత్తం కొండవాలుకు తగ్గట్టు వాటంగా ఉండేది. పై ఇంటి నీళ్లు కింది ఇంటి గోడకు తగలకుండా పక్కనున్న గోర్జిలోకి, అక్కడి నుంచి వావిలి పొదల్లోకి, చివరికి గెడ్డలోకి పోయేవి. దీనికి ఎవరూ ప్లాను గీయలేదు. ఏటా వానలకు ముందు ఇంటికొకరు వచ్చి రాళ్లు సర్దేవారట.

మన గురించి బయటివాళ్లు రాసిన పుస్తకాలు చూడండి. 1888లో ఫాసెట్ అనే ఆయన సవరల మీద ఒక వ్యాసం రాశాడు. 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాల పుస్తకంలో మన గురించి రాశాడు. వెరియర్ ఎల్విన్ 1940లలో ఒడిశా వైపు సవర ఊళ్లలో తిరిగి, 1955లో పెద్ద పుస్తకమే వేశాడు. వీళ్ల రాతల్లో మన కొండ మడుల పనితనం కనిపిస్తుంది. కొండవాలును మెట్లుగా కోసి, ప్రతి మెట్టుకూ రాతికట్టు పెట్టి, మట్టి కొట్టుకుపోకుండా పై మడి నీళ్లు కింది మడికి దించడం. మాకు అనిపించేది ఏంటంటే, మామ్మ చెప్పిన వీధి కూడా అదే పని. అక్కడ వరికి నీళ్లు ఆపారు, ఇక్కడ ఇంటికి తగలకుండా నీళ్లు నడిపించారు. మడి గురించి పుస్తకాలు వచ్చాయి, ముంగిలి గురించి రాయడం మనకే మిగిలింది.

సిమెంటు ఎందుకు వచ్చింది

మేం రోడ్డుకు వ్యతిరేకం కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. రోడ్డు లేక గర్భిణులను డోలీలో మోసిన ఊళ్లు మనవి. 2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వచ్చింది, 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద మెటీరియల్ ఖర్చు 40 శాతం దాకా పెట్టే వీలుండేది. ఆ వాటాలోంచే మన వీధుల్లో చాలా సీసీ రోడ్లు పడ్డాయి. బురద పోయింది, ఆటో ఇంటి ముందుకు వస్తోంది. అది మంచిదే.

కానీ మా వీధిలో ఏం జరిగింది? పాత దారిని తవ్వకుండా దాని మీదే పోశారు. రోడ్డు ఎత్తు పెరిగింది, అరుగు ఎత్తు అలాగే ఉంది. సైడు కాలువ వెయ్యలేదు. వాటం ఇళ్ల వైపు వచ్చింది. పోసేటప్పుడు మామ్మనో, పక్కింటి తాతనో ఒక్కరు అడిగి ఉంటే నీళ్లు ఎటు పోతాయో చేత్తో చూపించేవారు. ఎవరూ అడగలేదు. మేమూ నోరు తెరవలేదు. చదువుకున్నవాళ్లం కదా, సిమెంటు అంటే అభివృద్ధి అనుకున్నాం.

మనం వదిలింది, బయట నేర్చుకుంటున్నారు

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో ప్రిన్స్ జార్జెస్ కౌంటీ అని ఒకటుంది. 1990ల్లో అక్కడ ఒక కాలనీలో వాన నీటికి పెద్ద చెరువు తవ్వకుండా, ప్రతి ఇంటి ముందూ పల్లంగా చిన్న మొక్కల మడి పెట్టారు. దానికి 'రెయిన్ గార్డెన్' అని పేరు. చైనా 2015లో 16 నగరాల్లో 'స్పాంజ్ సిటీ' పనులు మొదలుపెట్టింది. నగరం స్పాంజిలా నీళ్లు పీల్చుకోవాలని ఆలోచన. దాని వెనకున్న ముఖ్యుడు యూ కాంగ్‌జియాన్. 1963లో పల్లెటూరి రైతు ఇంట్లో పుట్టి, హార్వర్డ్ దాకా వెళ్లి చదివాడు. పెద్ద చదువు చదివొచ్చి ఆయన చెప్పిందేంటంటే, మా పల్లెల్లో మెట్ల మడులు, కుంటలు చేసే పనే నగరాలు చెయ్యాలని. 2025లో ఆయన చనిపోయాడు.

ఇది చదివినప్పుడు మాకు సిగ్గూ వేసింది, ధైర్యమూ వచ్చింది. ఆయన తన ఊరి మడిని చదువులోకి తీసుకెళ్లాడు. మనం హాస్టల్‌కి వచ్చేటప్పుడు మన ముంగిలిని ఊళ్లోనే వదిలేసి వచ్చాం.

సంక్రాంతి సెలవుల్లో చేసిన పని

ముందు లెక్క చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. నాలుగడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న నడకదారి దాదాపు 11 చదరపు మీటర్లు. ఒక రాత్రి 50 మిల్లీమీటర్లు కొడితే ఆ దారి మీదే 550 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలు 36 పైనే. 40 చదరపు మీటర్ల రేకుల కప్పు నుంచి ఇంకో 2,000 లీటర్లు. ఇదంతా సిమెంటు మీద పడితే ఎక్కడికి పోతుంది? గడప దగ్గరికే.

మామ్మ వరసలో మూడిళ్ల ముందు, రోడ్డుకూ అరుగుకూ మధ్య ఉన్న ఆ 30 అడుగుల జాగా మేం ఆరుగురం తవ్వాం. అడుగు లోతు. కింద పిడికిలంత రాళ్లు, పైన చిన్న కంకర, దాని మీద రెండంగుళాల ఇసుక, ఆ పైన గెడ్డ నుంచి తెచ్చిన చదును రాళ్లు. రాళ్ల మధ్య వేలు పట్టేంత సందు. సిమెంటు చుక్క లేదు. 30 అడుగులకు ఆరంగుళాల వాటం, అరుగు నుంచి బయటికి. రోడ్డు నీళ్లు లోపలికి రాకుండా రోడ్డు అంచున ఒక రాళ్ల వరస నిలబెట్టాం. పల్లపు చివర, గోడకు పదడుగుల దూరంలో, ఆరంగుళాల లోతు మొక్కల మడి. అది నిండితే గోర్జిలోకి పోయేలా గండి.

మొదటిసారి చెడిపోయింది. రెండు బిందెలు పోసి చూస్తే చివర ఇసుక కొట్టుకుపోయింది. మామ్మ నవ్వి, "అంచు రాయి పాతకుండా నడిమి రాయి ఎలా నిలుస్తాదిరా" అంది. అంచు రాళ్లు సగం లోతు పాతి మళ్లీ చేశాం.

మొక్కల సంగతి. మడిలో వట్టివేరు పెట్టాం. దాని వేళ్లు నిలువుగా లోతుకు దిగి మట్టిని పట్టుకుంటాయి. సందుల్లో గరిక, గట్టు మీద తంగేడు, చివర వావిలి. ఇవన్నీ మన నేలవే, నాటుకున్నాక ఎరువు అడగవు. కానుగ మంచిదే గానీ పెద్ద చెట్టు, గోడకు దూరంగా పెట్టాలి. మనది అనుకునేదంతా మనది కాదు. బంతి మెక్సికో నుంచి వచ్చింది, కాగితం పూల మొక్క దక్షిణ అమెరికాది. అవి ఉండకూడదని కాదు, తెలిసి పెట్టుకోవాలి. తెలంగాణలో రోడ్ల పక్కన కోనోకార్పస్ విరివిగా నాటి, తర్వాత వద్దనుకున్నారు. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది.

వేసవి చివర్లో ఒక గట్టి వాన పడింది. మడిలో నీళ్లు నిలిచి మర్నాటికి ఇంకిపోయాయి. ఇల్లు తడవలేదు. రెండు రోజులైనా ఇంకకపోతే దోమలొస్తాయి, అప్పుడు మడి ఇంకాస్త లోతు చేసి కంకర నింపాలి. అయితే 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ లాంటి తుఫానుకు ఇది సరిపోదు. అందుకే గండి మూయకూడదు.

ఇప్పుడు మనం

మా వీధి రెండో సగం ఇంకా పొయ్యలేదు. ఈ ఏడు పోస్తారంటున్నారు. అందులో పదకొండు ఇళ్లున్నాయి. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ఏరియా ఊళ్లలో పని మొదలుకాక ముందే గ్రామసభ ఆమోదం ఉండాలి. షెడ్యూల్డ్ ఏరియాలో కలవని గిరిజన ఊళ్లు మన వైపు చాలా ఉన్నాయి. అక్కడా మామూలు గ్రామసభ ఉంది, వెళ్లి అడగొచ్చు. మేం ఈసారి మూడే అడుగుతాం: పాత దారి తవ్వి, అరుగు కంటే కిందికే రోడ్డు పొయ్యాలి. వాటం ఇళ్ల వైపు కాకుండా కాలువ వైపు ఉండాలి. రోడ్డుకూ అరుగుకూ మధ్య నాలుగడుగులు మట్టిగా వదలాలి, రాళ్లు మేం పరుచుకుంటాం.

మీరూ సెలవులకు ఊరెళ్లినప్పుడు వాన పడుతుంటే గొడుగేసుకుని వీధిలో నిలబడండి. నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. పక్కన మామ్మనో తాతనో నిలబెట్టుకుని, వెనకట ఎటు పోయేవో అడగండి. వాళ్లు ఉండగానే రాసుకోండి. గ్రామసభలో ఆ కాగితం పట్టుకుని మాట్లాడదాం.

జై ఆదివాసీ.