సింగిల్స్ వద్దన్నవాడి పాతికేళ్ల పాట

పాత తరం సంగీతకారుణ్ణి కొత్తగా వినబోయేవాళ్లకు మొదలుపెట్టడానికి ఏదో ఒక పాట దొరుకుతుంది. రేడియోలోనో, సినిమాలోనో, పక్కింటి కుర్రాడి ఫోన్లోనో ఎప్పుడో చెవిన పడి ఉంటుంది. ఐర్లండ్ బ్లూస్-రాక్ గిటారిస్టు రోరీ గాలహర్ విషయంలో ఆ సౌకర్యం లేదు. ఆల్బమ్‌లోంచి ఒక పాటను విడదీసి, మూడు నిమిషాలకు కత్తిరించి సింగిల్‌గా అమ్మడమంటే ఆయనకు సుతరామూ గిట్టేది కాదు. కంపెనీవాళ్లు ఎంత బతిమాలినా వినలేదు. దాంతో ఆయన పేరు చెప్పగానే జనం నోట పలికే పాట ఒక్కటీ మిగల్లేదు, వరసగా ఆల్బమ్‌లు మిగిలాయి. ఆయన పోయి ముప్ఫై ఏళ్లు దాటాక ఆ వరస ముందు కూర్చున్నవాడికి ఎటునుంచి మొదలుపెట్టాలో తోచకపోవడానికి కారణం అదే.

గాలహర్ 1948 మార్చి 2న డొనెగాల్ ప్రాంతంలోని బాలీషానన్‌లో పుట్టాడు. అక్కడ ఎర్న్ నది మీద కడుతున్న జలవిద్యుత్ కేంద్రంలో తండ్రికి పని. కుటుంబం తర్వాత డెరీకి, అక్కణ్ణుంచి కార్క్‌కు మారింది. అమెరికా నల్లజాతివారి బ్లూస్ ఈ ఐరిష్ పిల్లాడికి చేరింది రేడియో ద్వారానే. మొదట బ్రిటిష్ గాయకుడు లానీ డానెగన్ పాటలు విన్నాడు, వాటి వెనక ఉన్న బ్లూస్ గాయకుడు లెడ్‌బెల్లీని వెతుక్కుంటూ వెళ్లాడు. 1963లో కార్క్‌లోని క్రౌలీ దుకాణంలో 1961 నాటి ఫెండర్ స్ట్రాటొకాస్టర్ ఒకటి వంద పౌన్లకు కొన్నాడు. ఒక షోబ్యాండ్ గిటారిస్టు ఎర్రరంగుది కావాలని తెప్పించుకుంటే వేరే రంగుది వచ్చిందట. అలా సెకండ్‌హ్యాండుకు చేరిన గిటారే గాలహర్ చేతిలో చివరిదాకా ఉండిపోయింది. పైన రంగంతా పెచ్చులూడిపోయి కర్ర బయటపడినా దాన్ని మార్చలేదు.

డాన్సు హాళ్లలో హిట్ పాటలు వాయించే షోబ్యాండ్లలో కొంతకాలం పనిచేసి, 1966లో కార్క్‌లో 'టేస్ట్' అనే సొంత బృందం కట్టాడు. ఆ బృందం 1970లో చేసిన 'ఆన్ ది బోర్డ్స్' నన్ను ఆశ్చర్యపరిచింది. గిటారు హోరు కోసం వెళ్తే అందులో గాలహరే సాక్సఫోన్ వాయిస్తూ జాజ్ దారుల్లో తిరుగుతుంటాడు. అదే ఏడాది ఐల్ ఆఫ్ వైట్ ఉత్సవంలో వీళ్ల కచేరీకి జనం ఊగిపోయారు. కొన్ని నెలలకే, డబ్బు వ్యవహారాల గొడవల మధ్య బృందం విడిపోయింది.

ఆ రోజుల్లోనే లండన్‌లో ఓ కచేరీ అయ్యాక బ్రయన్ మే అనే విద్యార్థి ఉండిపోయి, ఆ ధ్వని ఎలా వస్తోందని గాలహర్‌ను అడిగాడు. వాక్స్ ఏసీ-30 ఆంప్లిఫయర్, దాని ముందు రేంజ్‌మాస్టర్ అనే చిన్న పెట్టె అంటూ ఏమీ దాచుకోకుండా చెప్పేశాడు గాలహర్. తర్వాత 'క్వీన్' బృందంతో లోకమంతా విన్న గిటారు ధ్వనికి పునాది అక్కడ పడిందని మే స్వయంగా చెప్పుకున్నాడు.

1971లో సొంత పేరుతో తొలి ఆల్బమ్, అదే ఏడాది 'డ్యూస్' వచ్చాయి. బెల్‌ఫాస్ట్ కుర్రాడు జెరీ మెకవాయ్ బేస్ గిటారు పట్టాడు. ఇరవై ఏళ్లు అతనే. 'డ్యూస్' పచ్చిగా ఉంటుంది, గొంతు అక్కడక్కడా గిటారు కింద నలిగిపోతుంది. వేదిక మీది వేడి చల్లారకుండా టేపు మీదికి ఎక్కించాలన్న తాపత్రయం ప్రతి పాటలోనూ తెలుస్తుంది. ఆ చిక్కుకు జవాబు మరుసటి ఏడే దొరికింది. కచేరీనే రికార్డు చేసి 'లైవ్ ఇన్ యూరప్' పేరుతో విడుదల చేశారు. అందులో ఒక పాటకు గాలహర్ గిటారు పక్కనపెట్టి మాండొలిన్ అందుకుంటాడు. శ్రీనివాస్ మాండొలిన్‌కు అలవాటుపడిన మన చెవికి ఇది బొత్తిగా వేరే వాద్యంలా వినిపిస్తుంది. తీగల్ని మీటడం తక్కువ, దరువు వేయడం ఎక్కువ. జనం కాళ్లతో తాళం కలుపుతుంటారు.

1973లో 'బ్లూప్రింట్', 'టాటూ' వెంటవెంటనే వచ్చాయి. కీబోర్డు మీద లూ మార్టిన్, డ్రమ్స్ మీద రాడ్ డీయాత్ చేరాక బృందం నిండుగా వినిపించింది.

కొత్తవాళ్లు మొదట వినవలసింది మాత్రం 1974 నాటి 'ఐరిష్ టూర్'. ఆ జనవరిలో బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ నగరాల్లో జరిగిన కచేరీలవి. బాంబులు పేలుతున్న బెల్‌ఫాస్ట్‌కు పేరున్న బృందాలు రావడం మానేసిన కాలం. గాలహర్ మానలేదు. దాదాపు ఏటా అల్‌స్టర్ హాల్లో వాయించేవాడు. మతం పేరుతో చీలిపోయిన ఊళ్లో రెండు వర్గాల పిల్లలూ ఒకే కప్పు కింద చేరేవారు. ఈ నేపథ్యం తెలియకపోయినా ఆల్బమ్ పట్టేస్తుంది. తెలిస్తే ఆ జనం కేకలు మరోలా వినిపిస్తాయి. సముద్రపు ఒడ్డున ఒక హోటల్ బార్లో కూర్చున్న ఒంటరి మనిషి గురించిన 'ఎ మిలియన్ మైల్స్ అవే' స్టూడియోలో ఏడు నిమిషాల లోపు పాట, ఇక్కడ తొమ్మిది దాటుతుంది. మన కచేరీ విద్వాంసుడు పల్లవిని ఎక్కడ వదలాలో, ఎక్కడ మళ్లీ అందుకోవాలో చూసుకున్నట్టే గాలహర్ ధ్వనిని దాదాపు నిశ్శబ్దం దాకా తగ్గించి, అక్కణ్ణుంచి మెల్లగా పైకి తెస్తాడు. అసలు ప్రతిభ ఆ తగ్గించడంలోనే ఉంది. వేగంగా వాయించేవాళ్లు ఆ కాలంలో చాలామందే ఉన్నారు.

మరుసటి జనవరిలో రోలింగ్ స్టోన్స్ వాళ్లు రాటర్‌డామ్‌కు పిలిచారు. వాళ్ల గిటారిస్టు మిక్ టేలర్ వదిలేసిన చోటు ఖాళీగా ఉంది. గాలహర్ వెళ్లి వాళ్లతో కలిసి కొన్నాళ్లు వాయించాడు. వాళ్లు ఏ మాటా తేల్చలేదు. ఇటు జపాన్ కచేరీలకు వేళయింది. విమానమెక్కి వెళ్లిపోయాడు. ఆ చోటు చివరికి రానీ వుడ్‌కు దక్కింది. దీన్ని చేజారిన అదృష్టంగా చెప్పడం ఆనవాయితీ. ఆ మరుసటి ఏడాది డీప్ పర్పుల్ బేసిస్టు రోజర్ గ్లోవర్ నిర్మాతగా వచ్చిన 'కాలింగ్ కార్డ్' వింటే నాకలా అనిపించదు. గాలహర్ స్టూడియో ఆల్బమ్‌లలో అన్నిటికన్నా అందంగా కుదిరింది ఇదే. స్టోన్స్ బృందంలో రెండో గిటారిస్టుగా ఇది చేసి ఉండేవాడు కాదు.

1978 కథ విచిత్రమైనది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఎలియట్ మేజర్ అనే నిర్మాతతో ఆల్బమ్ మొత్తం పూర్తిచేశాక, నునుపెక్కువైందని గాలహర్ దాన్ని పక్కన పడేశాడు. బృందాన్ని మార్చి, కీబోర్డు తీసేసి, అవే పాటలు కొన్నిటిని జర్మనీలో గరుగ్గా మళ్లీ వాయించి 'ఫొటో-ఫినిష్'గా ఇచ్చాడు. పారేసిన ఆల్బమ్ 'నోట్స్ ఫ్రమ్ శాన్ ఫ్రాన్సిస్కో' పేరుతో 2011లో వెలుగు చూసింది. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకుని వినొచ్చు. వయొలిన్, సాక్సఫోన్ చేరిన ఆ పాత రికార్డు ఆయన భయపడినంత చెడ్డదేమీ కాదు. నాకైతే కొన్ని పాటలు అందులోనే బాగున్నాయి.

1979 నాటి 'టాప్ ప్రయారిటీ', మరుసటి ఏడాది 'స్టేజ్ స్ట్రక్' బిగ్గరగా ఉంటాయి, అంతకుమించి చెప్పడానికి పెద్దగా లేదు. ఒక్క 'ఫిల్బీ'ని మినహాయించాలి. అంబాలాలో పుట్టి, కిప్లింగ్ నవలానాయకుడి పేరుతో 'కిమ్' అనిపించుకుని, బ్రిటిష్ గూఢచారి శాఖలో ఉంటూ సోవియట్ల కోసం పనిచేసిన ఫిల్బీ మీద పాట అది. అందులో గాలహర్ ఎలక్ట్రిక్ సితార్ వాయించాడు.

ఎనభైల్లో ఫ్యాషన్ మారింది. 1982లో 'జింక్స్' వచ్చాక తర్వాతి ఆల్బమ్‌కు అయిదేళ్లు పట్టింది. విమానమంటే భయం, దానికి వాడిన మందులు, తాగుడు కలిసి మనిషి ఒళ్లు చెడింది. 1990లో వచ్చిన చివరి స్టూడియో ఆల్బమ్ 'ఫ్రెష్ ఎవిడెన్స్' ఈ కథ తెలిసినవాళ్లను కూడా ఉలిక్కిపడేలా చేస్తుంది. వేళ్లలో తొందర తగ్గింది, స్లైడ్ గిటారు బరువుగా మూలుగుతుంది, లూయిజియానా అకార్డియన్ విద్వాంసుడు క్లిఫ్టన్ షెనియేకు నివాళిగా ఒక పాట ఉంటుంది. డెబ్బైల అభిమానులు దీన్ని చిన్నచూపు చూశారు. ఎక్కడా పాత జ్ఞాపకం అడ్డురాని కొత్త శ్రోతకు ఇది 'ఐరిష్ టూర్' పక్కనే నిలబడుతుంది. కాలేయ మార్పిడి తర్వాత ఇన్‌ఫెక్షన్ సోకి 1995 జూన్ 14న లండన్‌లో గాలహర్ చనిపోయాడు. వయసు 47.

ఆ తర్వాత తమ్ముడు డోనల్ టేపులన్నీ వెతికి ఒక్కొక్కటిగా బయటికి తెస్తూ వచ్చాడు. 2003లో వచ్చిన 'వీల్స్ విథిన్ వీల్స్' పూర్తిగా అకూస్టిక్ వాద్యాలతో సాగుతుంది. అలాంటిదొకటి చేయాలని గాలహర్ అనుకుంటూనే ఉండిపోయాడు. యాభయ్యో వార్షికోత్సవాల పేరుతో వస్తున్న పెద్ద పెట్టెల్లో ఒకే పాటకు నాలుగైదు రూపాలుంటాయి. వాటి జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. 2024 అక్టోబరులో ఆ వంద పౌన్ల గిటారు లండన్ వేలంలో 8 లక్షల పౌన్లకు పైగా పలికింది. కొన్నవాళ్లు దాన్ని ఐర్లండ్ నేషనల్ మ్యూజియంకు ఇస్తామన్నారు.