కనురెప్ప మీద కాకిబంగారం: క్రీమ్ ఐషాడో నుంచి గూడూరు గనుల దాకా

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువమంది అడిగింది ఒకటే: "నెల్లూరు ఎండలో, ఆ ఉప్పుగాలిలో ఐషాడో నిలబడాలంటే ఏం చెయ్యాలి?" జవాబు చిన్నదే. ముందు క్రీమ్ ఐషాడోని రెప్పంతా పల్చగా వేలితో అద్దండి. అదే బేస్, అదే రంగు. కావాలంటే పైన కాస్త పౌడర్. అయిపోయింది. కానీ ఆ డబ్బా తిప్పి వెనకాల ఏం రాశారో చదివితే, కథ మన గూడూరు దాకా వచ్చింది. ఈరోజు ఎపిసోడ్ అదే.

ముందు క్రీమ్ సంగతి. రంగుని కొవ్వులోనో, మైనంలోనో, నూనెలోనో కలిపి కంటికి పెట్టుకోవడం నిన్నా మొన్నా పుట్టింది కాదు. ఈజిప్టు వాళ్లు పచ్చని మలాకైట్‌ని, నల్లటి సీసపు ఖనిజాన్ని నూరి పెట్టుకున్నారు. మన ఇళ్లలో కాటుక ఎలా చేసేవాళ్లు? గుంటగలగరాకు పసరులో తడిపి ఆరబెట్టిన గుడ్డ వత్తి, ఆముదం దీపం, పైన బోర్లించిన పాత్ర. పొద్దున్నే ఆ మసి గీకి నెయ్యిలోనో ఆముదంలోనో కలిపేవాళ్లు. ఆలోచించి చూడండి, అది క్రీమే కదా! ఉత్త మసి అయితే రాలిపోతుంది, జిడ్డు ఉంటేనే పట్టుకుంటుంది. 1914లో మాక్స్ ఫ్యాక్టర్ సినిమా వాళ్ల కోసం పల్చటి గ్రీజ్‌పెయింట్ తయారుచేసినప్పుడు కూడా సూత్రం ఇదే.

కాకపోతే కాటుకకి మెరుపు లేదు. ఇప్పటి క్రీమ్ ఐషాడోలో ఆ ముత్యం లాంటి తళుకు ఎక్కడిది?

ఒకప్పుడు చేప పొలుసులది. 17వ శతాబ్దంలో పారిస్‌లో జపమాలలు చేసే ఒకాయన, చేప పొలుసుల నుంచి వచ్చే తళుకుతో గాజుపూసల్ని ముత్యాల్లా మెరిపించాడు. చాలా కాలం ఆ పొలుసుల సారమే మెరుపుకి దిక్కు. అది బాగా ఖరీదు. 1963లో డూపాంట్ కంపెనీకి ఒక పేటెంట్ వచ్చింది. పల్చటి మైకా పలుకుల మీద టైటానియం డయాక్సైడ్ పూత పూస్తే ముత్యం మెరుపు వస్తుందని. పూత 40 నుంచి 60 నానోమీటర్లు ఉంటే వెండి తెలుపు, ఇంకాస్త మందమైతే బంగారు రంగు. అంటే అక్కడ బంగారు రంగు పదార్థం ఏమీ ఉండదు, పూత మందమే రంగు. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మైకా అంటే అభ్రకం. మన వైపు కాకిబంగారం అంటాం. గూడూరు, సైదాపురం, రాపూరు, పొదలకూరు చుట్టుపక్కల పెరిగినవాళ్లకి దీన్ని పరిచయం చెయ్యక్కర్లేదు, దారిలో కాలికింద తళుక్కుమంటుంది. (2022లో గూడూరు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. భూగర్భానికి ఆ సంగతి తెలియదు, అక్కడ అది నెల్లూరు మైకా బెల్టే.)

ఇక్కడ 19వ శతాబ్దం చివరి నుంచి తవ్వకాలు ఉన్నాయి. నెల్లూరు పచ్చ మైకాకి పేరు ఉండేది. అప్పట్లో ఎవరూ దీన్ని కంటికి పూసుకోవడానికి కొనలేదు. కరెంటుని ఆపుతుంది, వేడిని తట్టుకుంటుంది, రేకులు రేకులుగా ఊడొస్తుంది, అందుకు కొన్నారు. రేడియో వాల్వుల్లో, కెపాసిటర్లలో, మోటార్లలో అదే. పాత ఇస్త్రీపెట్టె విప్పితే లోపల కాయిల్‌కి చుట్టూ ఉన్న రేకు అదే. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్, అమెరికా కలిసి మన దేశం నుంచి మైకా కొనడానికే ఉమ్మడి మిషన్ పెట్టాయి. విమానంలో రేడియో పలకాలంటే మైకా ఉండాలి మరి.

ఆ రేకులు ఊడదీసింది ఎవరు? ఎక్కువగా ఆడవాళ్లు. చేతిలో కత్తి, ఒళ్లో మైకా. వెంట్రుక కన్నా పల్చగా చీల్చాలి, చిరక్కూడదు. ఇది మిషన్‌కి అందని పని, వేళ్లకే తెలిసిన పని. గనుల లోపల రాతిధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి సిలికోసిస్ వస్తుంది. 1946లో మైకా గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం వచ్చింది, ఎగుమతి మీద వేసే సుంకంతో ఆసుపత్రులు, బడులు నడపాలని. మన దగ్గర కలిచేడు దానికి కేంద్రం అయింది. ఆ ఊరి పేరు మైకా చరిత్రలో ఉండాల్సినంత పెద్దగా లేదని నాకు అనిపిస్తుంది.

తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చింది, వాల్వు పోయింది. తుక్కు మైకాతో కాగితంలాంటి షీట్లు చెయ్యడం నేర్చుకున్నారు, పెద్ద రేకు అవసరం తగ్గింది. గనులు ఒకటొకటిగా మూతపడ్డాయి. చీల్చే పని వచ్చిన చేతులు ఖాళీ అయ్యాయి.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. రేడియోకి కావాల్సింది పెద్ద, మచ్చలేని రేకు. ఐషాడోకి కావాల్సింది పొడి. అంటే ఒకప్పుడు గని పక్కన కుప్పగా పారబోసిన తుక్కుకి కొత్త గిరాకీ వచ్చింది. చీల్చడంలోని నేర్పుకి మాత్రం విలువ లేకుండా పోయింది. తుక్కు ఏరడానికి నేర్పు అక్కర్లేదు, చిన్న చేతులున్నా చాలు. జార్ఖండ్‌లో, బిహార్‌లో పాత గనుల దగ్గర జరిగింది అదే. 2016లో రాయిటర్స్ అక్కడి పిల్లల మరణాల గురించి రాసింది. 2017లో పారిస్‌లో కంపెనీలు, సంస్థలు కలిసి రెస్పాన్సిబుల్ మైకా ఇనిషియేటివ్ పెట్టాయి. ఈలోగా 2015లో మన కేంద్ర ప్రభుత్వం మైకాని చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేర్చి, దాని వ్యవహారం రాష్ట్రాలకి వదిలేసింది.

మళ్లీ డబ్బా దగ్గరికి వద్దాం. మైకా పలుకులు చిన్న చిన్న అద్దాల్లాంటివి. అన్నీ ఒకే వైపు పడుకుంటేనే మెరుపు. ఒట్టి చర్మం మీద పౌడర్ అయితే అడ్డదిడ్డంగా పడతాయి, చెమట పట్టగానే జారతాయి. క్రీమ్‌ని పల్చగా పరిచినప్పుడు పలుకులు పక్కపక్కనే సర్దుకుంటాయి, మైనం వాటిని పట్టి ఉంచుతుంది. అందుకే రుద్దకూడదు, అద్దాలి. మందంగా వేస్తే మడతలో చేరి గీతలు పడుతుంది. మైపాడు బీచ్‌లో ఫొటోషూట్ అయితే ఇంకా తొందరగా.

డబ్బా వెనక "మైకా" అనో "సీఐ 77019" అనో ఉంటే అది అభ్రకం. "సీఐ 77891" అంటే టైటానియం డయాక్సైడ్. "సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్" అంటే ఫ్యాక్టరీలో తయారైన మైకా, గనిది కాదు. నా దగ్గరున్న మూడు డబ్బాలూ చూశాను. రెండింట్లో గని మైకా, ఒకదాంట్లో ఫ్యాక్టరీది. ఏ గని, ఏ ఊరు అన్నది మాత్రం రెండింటి మీదా లేదు. మీ డబ్బాల మీద ఏముందో కామెంట్లో రాయండి.