మోటుపల్లి అభయశాసనము: ఒక దినయాత్ర



యాత్ర యనగానే మనవారికి కాశీయు రామేశ్వరమును జ్ఞప్తికి వచ్చును. అవి పుణ్యక్షేత్రములే, కాని ధనమును, తీరికయు, కాలిసత్తువయు గలవారికే లభ్యములు. ఉదయమున చద్దిమూట గట్టుకొని బయలుదేరి, దీపములు పెట్టు వేళకు ఇల్లు చేరదగిన యాత్ర యొకటి కలదు. దానిని గూర్చి నేడు మీకు మనవి చేసెదను. అది మోటుపల్లి యాత్ర.

మోటుపల్లి బాపట్ల జిల్లాలో, చినగంజాము మండలమున, సముద్రతీరమందున్న చిన్న గ్రామము. చీరాలనుండి దక్షిణముగా బోవు రైలులో చినగంజాము స్టేషనున దిగవలయును. ఉప్పుకొఠారులకు పేరుపడిన ఊరది. ఎండకు మెరయు ఆ ఉప్పుకుప్పలను చూచి, తీరము దిక్కునకు బోయినచో మోటుపల్లి చేరుదుము. ఇసుకనేలయు, ప్రాతగుడులును, కొన్ని యిండ్లును దప్ప అచ్చట వింతలేమియు కానరావు. “ఇంతమాత్రమునకేనా ఇంతదూరము వచ్చితిమి?” అని తోచుట సహజము.

కాని కాకతీయుల కాలమున ఈ గ్రామము ఓరుగంటి రాజ్యమునకు సముద్రద్వారము. ద్వీపాంతరముల నావలు ఈ రేవున లంగరు దింపెడివి. దీనికి దేశియుయ్యకొండపట్టణమనియు నామాంతరము కలదు. పదుమూడవ శతాబ్ది చివర మన తీరమును గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో ‘ముత్ఫిలి’ యని పేర్కొన్న రాజ్యము ఈ రేవు పేరుననే వెలసినదని చరిత్రకారుల నిర్ణయము. సాలెగూటివలె సన్ననైన ఇచ్చటి వస్త్రములను అతడు మెచ్చుకొనెను. నేటికిని మగ్గముల చప్పుడు మానని చీరాల చెంతనే యున్నది గదా! న్యాయముతో రాజ్యమేలు రాణి యొకతె యని రుద్రమదేవిని కొనియాడెను గాని, ఆమెను రాజునకు భార్యగా భావించి పొరబడెను. ఆమె గణపతిదేవుని కూతురు.

ఆ గణపతిదేవుడు 1199 మొదలు 1262 వరకు పాలించెను. అతడు వేయించిన అభయశాసనము ఇచ్చటి వీరభద్రాలయమున స్తంభముపై చెక్కబడియున్నది. దాని కాలము శక సంవత్సరము 1166, అనగా క్రీస్తుశకము 1244-45. భాష సంస్కృతమును తెలుగును. మన యాత్రకు ఫలము ఆ శిలయే.

అందలి విషయము చెప్పెదను. పూర్వపు రాజులకొక ఆచారముండెను. నావ గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డునకు కొట్టుకొని వచ్చెనేని, అందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు సమస్తమును రాజు బలాత్కారముగా లాగుకొనెడివాడు. ప్రాణముకంటె ధనమే గొప్పదని తలచి సముద్రమున సాహసించు వర్తకులపై దయగొని, కీర్తికొరకును ధర్మముకొరకును, న్యాయమైన సుంకము దప్ప తక్కినదంతయు వారికే విడిచితినని గణపతిదేవుడు ప్రకటించెను. ఆ సుంకము ఎగుమతికిని దిగుమతికిని ముప్పదింట నొకవంతు. చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియాలు, పోకలు మొదలగు సరకులకు వేర్వేరుగా సుంకము నిర్ణయింపబడెను. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి ఇచ్చటనే వర్తకులకు మరల అభయమిచ్చి శాసనము వేయించెను.

ఇది కేవలము దయయే యని నేననను. అభయము గలచోటికే వర్తకుడు వచ్చును. వర్తకుడు వచ్చినచో బొక్కసము నిండును. అది రాజు ఎరుగనిది కాదు. అయినను, చేతికందిన సొమ్మును, ఆచారము తనదే యనుచున్న సొమ్మును, “ఇది నాది కాదు” యని వదలుకొనుట సామాన్యమైన పని కాదు.

ఈ మాట నేను గ్రంథములవలన కాదు, ఒక బాలునివలన నేర్చుకొంటిని. నేను ఉపాధ్యాయుడనై యుండిన కాలమున ఒకమారు విద్యార్థులను మోటుపల్లికి గొనిపోయితిని. స్తంభము చెంత నిలిపి సంవత్సరములును సుంకములును వల్లెవేయించుచుంటిని. పిల్లల చూపులన్నియు సముద్రము మీదనే. వారిలో బెస్తవారి పిల్లవాడొకడు మాత్రము ఇట్లడిగెను: “పంతులుగారూ, మా నాయన వల గాలివానకు కొట్టుకుపోయి వేరే ఊరి ఒడ్డున పడింది. ఆ ఊరివాళ్లు ఇవ్వలేదు. ఈ రాజుగారు ఉంటే ఇప్పించేవారా?”

నాకు నోట మాట రాలేదు. ఆ శాసనమును అన్ని యేండ్లు పాఠముగా చెప్పితిని గాని, అది ఒకని వలను గూర్చినదని నాకెన్నడును తోచలేదు.

తరువాతి ఆదివారము ఆ బాలుని తండ్రితో గూడ ఆ గ్రామమునకు బోయితిని. రచ్చచెట్టు క్రింద పెద్దలు కూర్చుండియుండిరి. తగవు ఎత్తక, శాసనార్థమును మాత్రము వినిపించితిని. అందరును కొంతసేపు ఊరకుండిరి. పిమ్మట ఒక వృద్ధుడు, “గాలి మా వాడకూ తగులుద్ది గదయ్యా” యని లేచి, వలను తెప్పించెను. అప్పటికే సగము కోసి వాడుకొనియుండిరి. మిగిలిన సగము తిరిగి వచ్చెను. ఆ సగమునే గణపతిదేవుని దానముగా తలచి తెచ్చుకొంటిమి.

కావున పెద్దలారా! మోటుపల్లి చూచి, తిరుగుదారిలో చీరాలకు చేరువనున్న వాడరేవునకు బోవుడు. ‘వాడ’ యనగా మన ప్రాతతెలుగున ఓడయే. సాయంకాలము పడవలు ఒడ్డు చేరు వేళ అచ్చట కూర్చుండి, ఉదయము చూచిన శిలలో నేమున్నదో మనుమలకు కథగా చెప్పుడు. సంవత్సరములు మరచినను బాధలేదు. వల సంగతి మరువరాదు.

మరియొక మనవి. మీ గ్రామాలయమునను అక్షరములు గల రాయి యొకటి యుండవచ్చును. జీర్ణోద్ధరణ పేర దానికి సున్నము పూయనీయకుడు, మెట్టుగా పరవనీయకుడు, దానిపై మీ పేరు చెక్కకుడు. చదువగలవారికి చూపి, అందేమున్నదో తెలిసికొనుడు. అందును ఎవరికో ఇచ్చిన అభయమే యుండవచ్చును.

సెలవు.