మెటాలికా సౌండ్ ఎందుకు మారింది? ఒక్కసారి బేస్ వినండి

మొదలుపెట్టే ముందు చిన్న రిక్వెస్ట్. ఫోన్ స్పీకర్‌లో వింటుంటే ఒక్క నిమిషం ఆపి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఈ రోజు మనం మాట్లాడుకునేది ఫోన్ స్పీకర్‌లో దాదాపు వినపడని వాయిద్యం గురించి. అదే బేస్ గిటార్.

మెటల్ వినేవాళ్లు ఇద్దరు కలిస్తే ఒక గొడవ ఖాయం. 1991కి ముందు మెటాలికా వేరు, తర్వాత డబ్బుకి అమ్ముడుపోయారు అని ఒకడంటాడు. నేనూ కాలేజీ రోజుల్లో ఇదే అనేవాడిని, మహా తెలిసినట్టు. ఇప్పుడైతే అంత తేలిగ్గా అనలేను.

1982కి వెళ్దాం. లాస్ ఏంజెలెస్‌లో ఏడాది కిందట మొదలైన ఈ బ్యాండ్‌కి క్లిఫ్ బర్టన్ అనే కుర్రాడు కనిపించాడు. అతను వాయిస్తుంటే లీడ్ గిటార్ అనుకున్నారట, తీరా చూస్తే బేస్. మా బ్యాండ్‌లోకి రా అన్నారు. వస్తాను గానీ మీరే మా ఊరివైపు రావాలి అన్నాడు. ఒక్క బేసిస్ట్ కోసం బ్యాండ్ మొత్తం శాన్‌ఫ్రాన్సిస్కో వైపు మకాం మార్చేసింది! 'ఫర్ హూమ్ ద బెల్ టోల్స్' మొదట్లో వచ్చే ఆ గరగర చప్పుడు గిటార్ అనుకుంటారు చాలామంది. అది క్లిఫ్ బేస్. సంగీతం చదువుకున్నవాడు, బాఖ్ అంటే పిచ్చి. మొదటి ఆల్బమ్‌లో ఉన్నది ముఖ్యంగా వేగం. మూడో ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ పప్పెట్స్' వచ్చేసరికి హార్మొనీలు, మెల్లగా అల్లుకుపోయే భాగాలు వచ్చాయి. అందులో క్లిఫ్ చెయ్యి చాలా ఉంది.

1986 సెప్టెంబర్ 27, తెల్లవారుజామున స్వీడన్‌లో వాళ్ల టూర్ బస్సు బోల్తా పడింది. క్లిఫ్ చనిపోయాడు. 24 ఏళ్లు.

మిగిలిన ముగ్గురూ ఆగలేదు. నెల తిరిగేసరికి జేసన్ న్యూస్టెడ్ అనే కొత్త బేసిస్ట్ వచ్చాడు. వచ్చాడనే గానీ, మన హాస్టళ్లలో జూనియర్‌కి జరిగే ర్యాగింగే జరిగింది, అదీ సంవత్సరాల తరబడి. ఇదేమీ రహస్యం కాదు, తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు.

ఇప్పుడు 1988 ఆల్బమ్ 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' పెట్టండి. బేస్ ఎక్కడుంది? వెతకండి. దొరకదు. డ్రమ్స్ టక్ టక్ మని పొడిగా, గిటార్లు రంపంలా, కింద అంతా ఖాళీ. జేసన్ వాయించలేదా అంటే వాయించాడు, టేపుల మీద ఉంది. మిక్సింగ్ చేసిన స్టీవ్ థాంప్సన్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు: డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ బేస్ తగ్గించమన్నాడట, తగ్గిస్తే ఇంకా తగ్గించమన్నాడట. టెక్నికల్ కారణమూ ఒకటుంది. హెట్‌ఫీల్డ్ రిథమ్ గిటార్ సౌండే చాలా బరువైనది, అడుగున బేస్‌కి ఉండాల్సిన చోటంతా అదే ఆక్రమించేసింది. పైగా జేసన్ ఆ గిటార్ వాయించేదే వాయించాడు. రెండూ కలిసిపోయాయి. కానీ నాకు మాత్రం అది ఒక్కటే కారణం అనిపించదు. చనిపోయిన స్నేహితుడి కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాడు. వాడి చప్పుడు వినడం వీళ్లకి ఇష్టం లేదు. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించినప్పుడు నేనూ ఉన్నాను. కాచిగూడలో రైలెక్కి, సగం దారి తలుపు దగ్గర నిలబడి వెళ్లాను. ఆ ఆల్బమ్‌లోని 'వన్' పాట నాకు అణువణువూ వచ్చు అనుకునేవాడిని. అక్కడ బేస్‌తో వింటే గుండెల మీద గుద్దినట్టైంది. ఇన్నేళ్లూ నేను విన్నది సగం పాటే అని ఆ రోజు అర్థమైంది.

సరే, 1991. జస్టిస్ టూర్‌లో దాదాపు పది నిమిషాల టైటిల్ పాట వాయిస్తుంటే జనం ఆవలిస్తున్నారని వాళ్లకే తెలిసొచ్చింది. అప్పుడు బాబ్ రాక్ అనే ప్రొడ్యూసర్‌ని తెచ్చుకున్నారు. మాట్లీ క్రూ లాంటి గ్లామర్ బ్యాండ్‌కి పనిచేసినవాడు, అభిమానులకి అక్కడే మండింది. ఆయన ఒక్కొక్కరిని విడివిడిగా రికార్డ్ చేయడం మాన్పించి, అందరినీ ఒకే గదిలో కలిసి వాయించమన్నాడు. బేస్‌ని పైకి తెచ్చాడు. పాటలు చిన్నవయ్యాయి, వేగం తగ్గింది. 'ఎంటర్ శాండ్‌మ్యాన్' ఒక్క రిఫ్ మీద నడుస్తుంది. 'శాడ్ బట్ ట్రూ'లో తీగల శ్రుతే కిందకి దించేశారు. ఆ బ్లాక్ ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే 1.6 కోట్లకు పైగా కాపీలు అమ్ముడైంది. డబ్బు కోసం కాదని నేను అనను. కానీ జేసన్ వేళ్లు ఆ బ్యాండ్ ఆల్బమ్‌లో స్పష్టంగా వినిపించింది అక్కడే కదా?

'లోడ్', 'రీలోడ్' గురించి ఎక్కువ చెప్పను. జుట్టు కత్తిరించారు, కొంత బ్లూస్ కలిపారు, నాకు నాలుగైదు పాటలు నచ్చుతాయి, అంతే. 2001లో జేసన్ వెళ్లిపోయాడు. తర్వాతి ఆల్బమ్ 'సెయింట్ యాంగర్'లో బేస్ వాయించింది ఎవరో తెలుసా? ప్రొడ్యూసర్ బాబ్ రాక్! ఆ డ్రమ్ సౌండ్ రేకు డబ్బా కొట్టినట్టుందని జనం ఇప్పటికీ తిడుతుంటారు. రాబర్ట్ ట్రుహియో వచ్చింది 2003లో. బెంగళూరులో నేను విన్నది ఆయన్నే.

2018లో 'జస్టిస్' ఆల్బమ్‌ని శుభ్రం చేసి మళ్లీ విడుదల చేశారు. ఇప్పుడైనా బేస్ పెంచుతారని అందరూ ఎదురుచూశారు. పెంచలేదు. అది ఆ కాలం నాటి మేము, అలాగే ఉండనివ్వండి అన్నట్టు వదిలేశారు. అభిమానులే బేస్ పెంచి సొంత మిక్స్‌లు చేసుకుని యూట్యూబ్‌లో పెట్టారు. ఒకటి వినండి, తర్వాత అసలుది వినండి. ఏది నచ్చిందో నాకు చెప్పండి. నేనైతే ఇంకా తేల్చుకోలేదు.